ఫ్లాష్ లేకుండ

గోడ మీది పటం దించి
అద్దం ఊడదీద్దామంటే రాలే.
ఎన్ని వానకాలాల తేమనో,
బొమ్మా అద్దమూ అంటుకపోయినయి.

అర్రల ఫ్లాష్ కొడితే నడుమ తెల్లటి మచ్చ.
అరుగు మీద పెడితే
అద్దం నిండ నా మొఖమే, నా చేతుల కెమెరానే.

అండాలు పెద్దమ్మ నల్లగొంగడి తెచ్చి
నా ఎనక అడ్డం పట్టింది.
వంగిన నడుముకు ఎంత ఎత్తు అందితే అంతే.
నేనే గొంతుక్కూసున్న.

అప్పుడు తేరింది పటం:
మర్రిగూడ దిక్కు మా పాత ఊర్ల
బోరింగు పడ్డ దినం.
హ్యాండిలుకు పసుపు, కింద కొబ్బరిచిప్పలు,
డప్పు కొడుతూ కదిలి మసకబడ్డ ఈదయ్య,
సంకల బిందెతోటి పెద్దమ్మ
గడ్డపార లెక్క నిలువుగ.
ఆ నీళ్ల సంగతి ఇంకా ఎవలికీ తెల్వదు.

బటన్ నొక్కి నొక్కి దగ్గరికి తెచ్చి చూపిచ్చిన.
మొఖం చూసుకోలే,
మోకాళ్లు చూసుకున్నది.

"బోరింగు రాకుండ తియ్యాల్నా పెద్దమ్మా?"

"ఎందుకు బిడ్డా,
ఆనాడు నిజంగనే నవ్వినం. ఉండనియ్యి.
ఎండ పోకముందే ఆ రెండోది పట్టు"
అనుకుంట గొంగడి మళ్ల లేపింది,
అందినంత.