తేలలేదు

రాత్రి రెండున్నర.
మియెరెస్‌లో వాన, టీవీలో అంకెలు.
రెండూ ఆగేలా లేవు.

సెల్సో సీసాని తల మీదికెత్తి
ఆపిల్ కల్లు పోస్తున్నాడు
నడుం దగ్గర వంచి పట్టిన గ్లాసులోకి.
బొగ్గుగనిలో రెండు వేళ్లు పోయిన చెయ్యి,
అయినా ఏనాడూ ధార తప్పలేదు.
ఇవాళ సగం నేలపాలు.

"గెలిచామా?" అంది ఎటెల్వినా,
ఆస్పత్రి డ్యూటీ దిగొచ్చి, తడిసిన బూట్లు విప్పుతూ.
ఎవరూ పలకలేదు.
ఓడామని కూడా అనలేదు.

ఓడితే ఏం చెయ్యాలో మాకు తెలుసు:
తిట్టుకోవడం, ఆ పాత సమ్మె కథ మళ్లీ చెప్పుకోవడం,
పొద్దున్నే కరపత్రాలు మడవడం.
గెలుపుకీ ఒక సీసా ఉంది బల్ల కింద,
నాలుగు ఎన్నికల దుమ్ముతో.
ఈ ఎటూకానిదానికే
పెట్టుకునే ముఖం లేదు మా దగ్గర.

ఇక బేరాలట. మాడ్రిడ్‌లో, తలుపులు మూసి.
మా ఓటు ఎవరి జేబులో చిల్లరవుతుందో.

మా అమ్మ ఒబ్దూలియా,
ఓటు పెట్టెల్లేని ఏళ్లన్నీ బతికిన మనిషి,
కుర్చీలో కునుకు తెగి
"ఇంకా లెక్కపెడుతున్నారా?" అంది.
అవునన్నాను.
"అయితే సరే"
అని మళ్లీ కళ్లు మూసుకుంది.

టీవీ ఎవరూ కట్టెయ్యలేదు.
సెల్సో నేల తుడుస్తున్నాడు,
బకెట్టు చప్పుడు కాకుండా.