జేబురుమాలు

సాయంత్రం ఆరు. లండన్, నార్తర్న్ లైన్.
ఎవరి చంక కిందో నా ముఖం.
ఇంత దగ్గరగా నిలబడ్డ మనుషులు
ఇంత దూరం చూడగలరని తెలీదు నాకు.

స్టాక్‌వెల్ దాకా ఒకామె గొడుగు
నా బూటులోకి కారుతూనే ఉంది.
"సారీ" అన్నాను, నేనే.

పైకొచ్చి ముక్కు చీదితే
తెల్ల రుమాలు నిండా కాటుక.
మూడు రోజుల ఊరు
ఇంతేనా దిగింది, లోపలింకా ఉందా?

బస్సుల పొగలో, రైలు వంతెన కింద
పూలమ్మే ముసలాయన
డాఫొడిల్ మొగ్గల్ని తడిగుడ్డతో
ఒక్కొక్కటే తుడుస్తున్నాడు.
దేనికన్నాను.
"పొద్దుటికి విచ్చుకోవాలిగా"
రెండు దగ్గుల మధ్య అన్నాడు.

రాత్రి హోటల్ సింకులో రుమాలు ఉతికాను.
నీళ్ళు నల్లగా వెళ్ళాయి,
నదికే కాబోలు.
మడత పెట్టబోతే
ఇంకా కొంచెం ఉంది,
వేలిముద్రంత.