తోడు

మక్రూమ్‌లో వాన అడ్డంగా కురుస్తుంది.
రాత్రి పదకొండు దాటాక పాలకేంద్రం పై గదిలో
నేనూ, ఒక హీటరూ, చల్లారిన టీ.

మా లెక్కలన్నీ డబ్లిన్ దగ్గరెక్కడో
ఎవరివో యంత్రాల్లో, అద్దె మబ్బులో ఉన్నాయి.
ట్రలీ వాళ్ళవీ అక్కడే.
ఒకే కప్పు కింద, బహుశా ఒకే అరలో,
అరవై ఏళ్ళ పగ పక్కపక్కనే మినుకుమంటూ,
ఒకదాని ఊపిరి ఇంకోదానికి వినపడకుండా.

పగ అంటే పెద్ద కథేం కాదు.
మా తాత ఒక మార్చి తెల్లవారుజామున
వంతెన మీద వాళ్ళ బండి ఆపి
పాలన్నీ వాగులో పోయించాడు.
వాగు మధ్యాహ్నం దాకా తెల్లగా పారిందట.
ఆ బండి తోలినవాడి మనవడే ఫీయక్రా.
ఇప్పుడు కంపెనీలు కలిశాయి. సంతకాలయ్యాయి.
మిగిలింది మా ఇద్దరి పని:
రెండు నెట్‌వర్కుల మధ్య గోడలో ఒక తలుపు.

మొదటి చిక్కు నంబర్లతో.
పది చుక్క సున్నా చుక్క నాలుగు చుక్క పదిహేడు:
మా వైపు అది మీగడ తూచే కాటా,
వాళ్ళ వైపు జీతాల చిట్టా.
ఒక ఒరలో రెండు కత్తులు.
ఉత్తరం రాస్తే ఏ ఇంటికి పోవాలి?
ఎవరు నంబరు మార్చుకోవాలన్న దాని మీద
మూడు వారాలు మీటింగులు.
చివరికి నేనే మార్చాను.
రెండొందల పన్నెండు యంత్రాలకి, ఒక్కొక్కదానికి,
పాత పేరు మరిపించి కొత్త పేరు నేర్పాను.
ఓడిపోయావని ఎవరూ అనలేదు.
నేనూ అనుకోలేదు, పగలంతా.

తర్వాత విన్నపం పంపాను.
ఒంటి చేత్తో చప్పట్లు కొట్టనివ్వదు ఈ మబ్బు;
అవతలివాడు సరే అనాలి,
ఏడు రోజుల్లో అనకపోతే
ఆ విన్నపం తనంతట తానే ఆరిపోతుంది.
సోమవారం. మంగళవారం.
గురువారం కూడా పసుపు అక్షరాల్లో అదే మాట: ఎదురుచూస్తోంది.
ఫోన్ చేద్దామనుకున్నాను. వంతెన గుర్తొచ్చింది.
ఆరో రోజు రాత్రి, రెండున్నరకి, పచ్చబడింది.

మొదటి పలకరింపు వెళ్ళింది.
తిరిగి రాలేదు.
వాళ్ళ గడప దాకా చేరింది, చూశాను;
బదులు రావడానికే దారి రాసి లేదు.
ఇటు నుంచి వేసిన దారి అటు నుంచి దారి కాదని
నాకు ఉద్యోగం నేర్పిందా, మా అమ్మా నాన్నా నేర్పారా?
మెసేజ్ పెట్టాను: "మీ పట్టీలో మా వరుస లేదు."
చాలాసేపు మూడు చుక్కలు కదిలాయి.
"తెలుసు గబ్నిత్. రాస్తున్నాను.
మా తాత పాలు లేని టీ తాగేవాడు, పోయేదాకా.
ఎందుకో ఇప్పుడు గుర్తొచ్చింది."

మూడూ పన్నెండుకి బదులు వచ్చింది.
వెళ్ళి రావడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టలేదు.

ఆశ పుట్టి, వాటర్‌ఫర్డ్ శీతల గిడ్డంగిని కూడా పిలిచాను.
ట్రలీ వాళ్ళకి అది పాత చుట్టం.
పలకలేదు. పలకదు.
చుట్టానికి చుట్టం ఇక్కడ చుట్టం కాదు;
ఎవరి తలుపు వాళ్ళే తట్టుకోవాలి.
సరే, అది ఇంకో వారం.

నాలుగున్నరకి కింద మొదటి ట్యాంకరు.
కొర్మాక్ టాబ్లెట్ చూసి పైకి కేకేశాడు:
"ఇక్కడ నిండిపోయిందట, ట్రలీకి పొమ్మంటోంది!
దీనికేమైనా పిచ్చెక్కిందా?"
లేదన్నాను. వెళ్ళమన్నాను.
వంతెన మీదుగానే వెళ్ళాలి.
టైర్ల చప్పుడు ఆ మలుపు దాకా విన్నాను.

పొద్దున్నే మేనేజరు అడుగుతాడు,
ఇంకా ఏమైనా సరిచేయాలా అని.
మా నాయనమ్మ పొయ్యి పక్కన గోరువెచ్చని పాలలో
నిన్నటి పుల్లటి చుక్క కలిపి గుడ్డ కప్పేది,
తోడు వేశాక గిన్నె కదపకండర్రా, అనేది.

కీబోర్డు మీంచి చేతులు తీశాను.