పది కిలోలు

పొద్దుగాల లేస్తది, పగటీలి లేవదు.
దడువాయి కొమ్మాలు చెప్పిన జబ్బు ఇంతే.
ఎనుమాముల యార్డుల రెండో షెడ్డు కాంటా,
బల్ల మీద పెట్టి మూత ఇప్పిన.

నా దుకాణంల ఫ్యాన్ కింద
అయిదుసార్లు ఆపి అయిదుసార్లు వేసిన.
అయిదుసార్లూ ఎర్రగ సున్నలు చూపెట్టింది,
ఇంట్ల కడుపునొప్పని ఏడ్చి
డాక్టర్ ముందర నవ్వే పిల్ల లెక్క.
"మంచిగనే ఉన్నది, తీస్కపో" అన్న.

మూడోనాడు మల్లొచ్చిండు.
ఈసారి కాంటా కంటె ముందు మాట దించిండు.
నిన్న రెండింటికి కరెంటు పోయి వచ్చిందట,
కాంటా కన్ను తెరువలేదట.
రేగొండ నుంచి వచ్చిన ఒకాయన
పక్క షెడ్డుల వరుస అందక
ఇరవై మూడు బస్తాల చపాటా మిర్చి మీద
తువ్వాల పరుచుకొని పండుకున్నడట.
తెల్లారి ధర నాలుగు వందలు దిగిందట.
కొమ్మాలు ఇదంతా నన్ను అనలేదు,
గోడకు చెప్పినట్టు చెప్పిండు.

అప్పుడు బోర్డును రేకుల మీదికి ఎక్కించిన.
మే నెల హనుమకొండ ఎండ,
దానికంటె పెద్ద పరీక్ష మిషను నాకెవరిస్తరు?
పొడుగు వైర్లు కిందికి ఏలాడదీసి
మీటరు పట్టుకొని నీడల కూసున్న.

ఇందుల ఇద్దరున్నరు.
మూడు పాయింట్ మూడు వోల్టులిచ్చే పెద్దది,
ఒకటి పాయింట్ రెండు ఇచ్చే చిన్నది.
పెద్దది లేచి నిలదొక్కుకున్నంక
పట్టుకున్న తీగను వదిలిపెడ్తది.
వదుల్తది, అంతే. లేపదు.
వదిలిన తీగను పైకి గుంజేది
పక్కన వడ్లగింజంత రెసిస్టరు.
తీగ ఒకటిన్నర దాటితేనే
చిన్నదానికి తెల్లారినట్టు.

ఫ్యాన్ కింద అది మూడు దాటింది.
రేకుల మీద ఒకటి పాయింట్ మూడు కాడ
లేవక, పడక, నిలబడ్డది.

కరెంటు బిల్లు వెనక లెక్క రాసిన.
ఎండకు చిప్పు లోపలికి కారేది
ఇరవై మైక్రో ఆంపియర్లు.
అది లక్ష ఓముల గుండ నడిస్తె
రెండు వోల్టులు దారిల్నే అయిపోతయ్.

లక్ష ఎవరు వేసిండ్రు?
భూతద్దం పెట్టి చూసిన.
గోధుమ, నలుపు, పసుపు.
పసుపు గీత పక్కన
కొంచెం ఎక్కువైన సోల్డరు చుక్క, ఎడమకు వాలి.
ఎడమ చేత్తోని సోల్డరింగ్ చేసేది
ఈ చౌరస్తాల నేనొక్కదాన్నే.

పోయిన కార్తీకంల కాలినదాన్ని తీసినప్పుడు
డబ్బాల పదివేలది లేకుండె.
గుంజుడే కదా, ఏదైతేంది అనుకున్న.
చలికాలమంతా నా తప్పును దాచిపెట్టింది.

పదివేలు పెడితె పోయేది
ఒక వోల్టుల అయిదో వంతు.
వెయ్యి పెడితె? అదీ పెట్టి చూసిన,
ఒకసారి మోసపోయిన చెయ్యి ఊకోదు.
గుంజుడు మరీ గట్టిగైతె
పెద్దది పట్టుకున్నా తీగ పూర్తిగ దిగదు,
చిన్నది చీకట్లనే లేచి
ఎటు పోవాల్నో తెల్వక తిరుగుతది.

గోధుమ, నలుపు, నారింజ.
మల్ల రేకుల మీద, ముప్పైసార్లు.
ముప్పైసార్లూ మూడు పాయింట్ ఒకటి.

కొమ్మాలుకు చెప్పిన, తప్పు నాదని.
అటువంటిదే ఇంకోటి అతని అరచేతిల పెట్టి
ఇగో, దీన్ని మేం పది కిలో అంటమన్న.
ముప్పై ఏండ్లు బస్తాలు తూచిన చెయ్యి
దాన్ని కిందికీ మీదికీ ఆడించి చూసింది.
"పది కిలోలా? తరుగు ఎంత తీస్తవ్?"
అతను నవ్విండు. నాకు జవాబు తెలుసు,
పాయింట్ రెండు.

మరునాడు రెండింటికి యార్డుకు పోయిన.
కరెంటు పోయింది, వచ్చింది,
ఎర్రగ సున్నలు లేచినయ్.
మొదటి బస్తా నలభై ఒక కిలో రెండు వందల గ్రాములు,
ఎవరిదో, పరకాల దిక్కు ఆయనది.

రేగొండాయన పేరు కొమ్మాలుకు యాదికి లేదు.
చీటీల కట్ట ఇంట్ల ఉన్నదట, చూస్తనన్నడు.
మిర్చి కోరుకు నాకు ఒకటే తుమ్ములు.