వంతెన లోపలి గీత

గుణుపురంలో కరెంటు పోయి వచ్చాక
లెక్క మళ్లీ మొదటినించి నడిచింది.
తెర మీద వంశధార పక్కకు తిరిగి పడుకుంది.
ఈ బొమ్మలో ఏరు కుడినించి ఎడమకు,
ఉర్దూ రాతలాగ.
నల్లటి అడుగు, నీలం నీరు,
మధ్యలో బూడిదరంగు దిమ్మ: నా వంతెన.

నీలానికి పైన చుక్కల పచ్చగీత ఒకటి.
పరుగెత్తే నీరు ఉన్నపళంగా ఆగితే
ఎంత ఎత్తున నిలబడేదో అది చెబుతుంది.
రెంటి మధ్య ఖాళీ అంతా వేగమే.
వంతెనకు ఎగువన ఆ ఖాళీ దారమంత,
ఏరు ఏదో ఆలోచనలో పడ్డట్టు.
దిగువన బెత్తెడు.

నీలం గీత మాత్రం గడ్డర్ల అడుగులోకి దూరి
కాంక్రీటును ఏటవాలుగా కోసుకుంటూ
అవతల తేలింది.

ఫోన్లో మహాపాత్రో సారు:
"మునిగినట్టేనా? రాసెయ్యమంటావా?"
మునగలేదు సార్.
ఎగువ ముఖం దగ్గర ఎనభైనాలుగు పాయింట్ ఆరు రెండు,
దిగువ ముఖం దగ్గర ఎనభైమూడు పాయింట్ తొమ్మిది.
రోడ్డు ఇంకా చాలా పైనుంది.
నీరు గడ్డర్లకు నెత్తి ఆనించి
కిందనించే తోసుకుపోతోంది.
లోపల ఏమైందో ప్రోగ్రాముకు తెలీదు.
తెలీని చోట స్కేలు పెట్టి గీసింది.

"మరి తెలీదని రాయదేం?" అన్నారాయన.
నా దగ్గర జవాబు లేదు.

పొద్దున్నే ప్రింటు చుట్టుకుని వెళ్లాను.
వరద దిగిన ప్రతిసారీ
తడి మరక ఆరకముందే
గోడకు సున్నం గీత పెట్టేది ఎలియా శబరో.
కాగితం తలకిందులు చేసి చూశాడు,
మళ్లీ తిప్పాడు.
బొటనవేలి గోరు నీలం గీత వెంట జరిగి
దిమ్మ దగ్గర ఆగింది.

"ఆ రేతిరి మా బావమరిది గేద
ఇటేపు లోనికెల్లిపోనాదమ్మా.
నాను రోడ్డు దాటి అటేపుకి పరిగెట్టినాను.
వొచ్చింది. బతికే వొచ్చింది.
కొమ్మొకటి నేదు.
మద్దిన ఏటయిందో అదే సెప్పాల."

గోరు ఇంకా అక్కడే ఉంది.
"ఇదేటి, గేద ఎల్లిన దారా?"

కాదన్నాను.
అటు ఇటు తెలిసిన రెండు అంకెల్ని
కలుపుకున్న గీత అన్నాను.

అతని సున్నమూ రెండే చోట్ల ఉంది,
ఎగువ గోడ మీద, దిగువ గోడ మీద.
లోపలి స్తంభాలకు లేదు.
ఎగువ గీత నా లెక్క కంటే జానెడు పైన.
టేపు రెండుసార్లు పెట్టి చూశాను.
"ఎదురు దుబ్బులు కొట్టుకొచ్చి
కంబాలకి సుట్టుకున్నాయి గదా,"
అన్నాడు, ఇదీ చెప్పాలా అన్నట్టు.

రాత్రి స్తంభాలకు వెదురు కట్టి
మళ్లీ నడిపాను.
పదిహేడు సెంటీమీటర్లు లేచింది నీలం.
జానెడుకు కాస్త తక్కువ, ఫర్వాలేదు.
దిమ్మలో గీత ఇంకా తిన్నగానే ఉంది.
కొమ్ము ఎక్కడ విరిగిందో
అందులో లేదు.