రెండేళ్ల ఏడు నెలలు

హోమా బే బస్టాండు వెనక, చేపల వేపుడు పొగలో
నా దుకాణం. ఇరవై ఆరేళ్లుగా
ఈ ఊళ్లో ఏ ఎన్నికకి ఎవరు నిలబడ్డా
ముందు నా గోడకే ఆనుకుని నిలబడ్డారు,
రంగు తడి ఆరేదాకా.

నిన్న అపోండి రబూర్ వచ్చింది.
మోటారు సైకిలు దిగి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని
గవర్నరు పదవికి బోర్డు రాయమంది.
కొత్త రేకుకి డబ్బు లేదు.
ఒగాడా గారి పాత రేకు మీదే తెల్లరంగు కొట్టాను.
ఒక పూత. రెండు. మూడో పూతలోంచి కూడా
'అనుభవం' అన్న మాట
నీలంగా పైకి తేలుతూనే ఉంది,
సరస్సు మీద గుర్రపుడెక్కలా,
ఎంత లాగి పారేసినా.

"నీకు ఎన్నేళ్లని రాయను?" అన్నాను.
వార్డు మెంబరు. లెక్క నాకూ తెలుసు.
వేళ్లు మడిచి చూసుకోలేదు ఆమె:
"రెండేళ్ల ఏడు నెలలు."
"నెలలు ఎవరైనా రాస్తారా తల్లీ,
పసిపిల్ల వయసు చెప్పినట్టుంటుంది."
నవ్వింది. రాయమంది.

కుంచె ముంచాను గాని చెయ్యి కదల్లేదు.

నిజం చెప్పొద్దూ, నాకూ భయమే.
మా గురువు ఓంబోక్ నాలుగేళ్లు కుంచెలు కడిగించి గాని
నాకు ఒక్క అక్షరం ఇవ్వలేదు.
ఇచ్చిన మొదటి అక్షరానికే చెయ్యి వణికింది;
మాంసం కొట్టు నుదుట తిరగబడ్డ 'ఎన్' ఇప్పటికీ ఉంది.
కౌంటీ అంటే మాంసం కొట్టు కాదు గదా.
రాత్రి పదకొండింటికి ఫైలు తెచ్చి,
ఇక్కడొక్క సంతకం, అని
మెత్తగా నవ్వేవాళ్ల ముందు
ఈ పిల్ల ఎంతసేపు నిలుస్తుంది?

అయితే అనుభవాన్ని నేను దగ్గర్నించి చూశాను.
ఒగాడా గారిది పంతొమ్మిదేళ్లది.
ఒకే ఆస్పత్రికి మూడుసార్లు శంకుస్థాపన చేశారు.
మూడు తేదీలతో మూడు ఫలకాలూ నేనే రాశాను.
రెండింటికే డబ్బులొచ్చాయి.
ఇప్పుడు మేకలు ఆ రాళ్లకి వీపు రుద్దుకుంటాయి.
మూడోసారి రిబ్బను ఎంత ఒడుపుగా కత్తిరించారో!
ఆ చేతివాటం కుదరాలంటే ఏళ్లు పడుతుంది.

అపోండి చేసిందల్లా, నాకు తెలిసి,
మా సందు చివర ఒక తూము.
మొదటిసారి వాటం ఎదురు పెట్టించింది.
వానకి నీళ్లన్నీ మా ఇళ్లల్లోకే వచ్చాయి.
నా పసుపురంగు డబ్బాలు మూడు కొట్టుకుపోయాయి.
తెల్లారేసరికి మోకాలి లోతు బురదలో ఉంది ఆమె.
"తప్పు నాది. కొలత నేను సరిచూడలేదు," అంది,
మైకు లేకుండా, కెమెరా లేకుండా,
డబ్బాలు పోగొట్టుకున్న నాతో.
మళ్లీ తవ్వించింది.
ఈసారి మేస్త్రీ పక్కనే గొంతుక్కూచుని
రసమట్టంలో బుడగ నడిమికొచ్చేదాకా లేవలేదు.
ఇప్పుడు నీళ్లు పోతున్నాయి.
దాన్ని ఎన్నేళ్లకింద జమ కట్టాలో
కొలిచే బద్ద నా దగ్గర లేదు.

టీ కొట్టు న్యార్ సెమె అంతా వింటూ ఉంది.
"నీళ్లకి వాటం తెలిస్తే చాలు," అంది గ్లాసులు తొలుస్తూ.
"డబ్బు ఎటు పారుతుందో ఏ మట్టానికి అందుతుంది?"
నాకు జవాబు తోచలేదు.
అపోండికీ తోచలేదు. ఊరికే తల ఊపింది,
ఊరికే కాదేమో.

నాలుగో పూతకి డబ్బా ఎత్తాను.
"వద్దు," అంది. "ఆ మాట ఉండనీ,
పక్కన నా అంకె వెయ్యి."
వేశాను. ఎర్రగా, నల్ల అంచుతో.
అంత పెద్ద నీలం మాట పక్కన
అంత చిన్న అంకె. మిగతా రేకంతా తెలుపు.

బండి వెనక అడ్డంగా కట్టుకుని వెళ్లిపోయింది.
మలుపులో గాలికి రేకు వంగి, డబడబమని,
మళ్లీ నిటారైంది.
రంగు ఇంకా ఆరలేదని అరిచాను.
వినబడిందో లేదో.
దారిలో ఎందరు చెయ్యి వేస్తారో దాని మీద,
ఎవరెవరి వేలిముద్రలు పడతాయో.