మంట కాపరి

పొద్దుగూకేలోపు కోపం దించుకోమన్నాడు పాస్టరయ్య.
తలూపి వచ్చా.
నాకు పొద్దుగూకితేనే కదా పని మొదలు.

కొండపికి ఇవతల, మూసి ఒడ్డు చేలల్లో
మూడు బ్యారన్లు. నడిమిది నాది.
నాదంటే, మంట నాది.
గోడలూ, ఆకూ, వేలంలో పలికే ధరా
మాలకొండయ్య గారివి.

మొదటి రెండు రాత్రులు ఆకుని బుజ్జగించాలి.
తొంభై ఐదు, నూరు, అంతే.
పచ్చదనం తనంతట తానే
నిమ్మపండు రంగుకి దిగిరావాలి.
తొందరపడి ఓ తుమ్మ మొద్దు ఎక్కువ తోశావా,
పచ్చాకు పచ్చగానే చచ్చిపోద్ది.
మంట ఆరనిచ్చావా, నల్లబడి కుళ్ళిద్ది.
ఇరవై రెండేళ్ళుగా అద్దం కిటికీలోంచి
టార్చి కొట్టి ధర్మామీటరు చూస్తన్నా.
నా లోపలికి చూసుకునే కిటికీ
ఏ మేస్త్రీ పెట్టలా.

గుడిలో ఆడవాళ్ళ వైపు
గోడ పక్కన, చాప మూలన కూచుంటది సలోమి.
మెడ కొంచెం తిప్పి,
కుడి చెవి ప్రసంగానికి ఒగ్గి.
ఎంత శ్రద్ధో ఈ తల్లికని
కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు.
ఎడమ చెవి ఏమైందో
నాకూ ఆమెకూ దేవుడికీ తెలుసు.

పదకొండేళ్ళ కిందట, మంచి శుక్రవారం ముందురోజు.
కూరలో ఉప్పు తగ్గిందని కూడా కాదు.
చెక్కులు నో బిడ్ అయ్యాయని
అయ్యగారు నన్ను తిట్టిన తిట్టు
కిందపడకుండా ఇంటిదాకా మోసుకొచ్చి
ఆమె చెంప మీద దించా.
దించుకోవడమంటే అదే అనుకున్నా అప్పట్లో.

మూడో రోజున క్షమించానంది.
చెవి మాత్రం లేవలా.

నిన్న అయ్యగారి కొడుకు
రెండో బ్యారన్ ఆకు మాడిందని
నా పద్దులో ఆరువేలు కొట్టేశాడు.
ఆ రాత్రి నేను లేను.
జక్రయ్య పెదనాయన్ని మట్టిచెయ్యడానికి పోయా,
చెప్పే పోయా.
అదే అనబోతే
“మీవాళ్ళకి ఈమధ్య నోరెక్కువైంది” అన్నాడు.
మీవాళ్ళు.
ఎండు సర్వికర్రలాగా
రాత్రంతా చిటపటలాడింది ఆ ఒక్క మాట.

పొయ్యి మూతి ముందు కూచున్నా.
ఇంకో పది మొద్దులు తోస్తే
గొట్టాలు ఎర్రబడతయ్.
ఒక్క ఆకు జారి వాటి మీద పడితే చాలు.
గాలికి అంటుకుందంటారు.
నన్నెవరూ అడగరు.

క్యారేజీ పట్టుకుని సలోమి వచ్చింది.
సంకటి, ఎండుచేపల పులుసు.
“ఏంది, ఇన్ని మొద్దులు దగ్గరికి లాగావ్?”
కుడి చెవి వైపు జరిగి
అంతా చెప్పా. మొద్దుల సంగతి కూడా.

ఆమె తిట్టలా. వాక్యం చెప్పలా.
ఒళ్ళోకి పురికొస తీసుకుని
రేపటి ఆకుకి ముళ్ళు వేసుకుంటా అంది:
“కోపం పాపమని ఎవరన్నారు?
దేవాలయంలో బల్లలు తిరగేసింది మన ప్రభువే కదా.
కాకపోతే ముందు కూచుని
తాళ్ళు పేనుకున్నాడంట.
పేనటానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు.
అంతసేపు ఆగగలవా నువ్వు?”

ఇరవైసార్లు విన్నా ఆ కథ.
తాళ్ళు ఎప్పుడూ కనపడలా నాకు.

మొద్దులు ఒక్కొక్కటే వెనక్కి మోశా.
నూరు దగ్గర నిలిపా మంటని.
ప్రార్థన అంటే అదేనేమో, తెలియదు.
కళ్ళు మాత్రం మూయలా,
మూస్తే ఆకు పోద్ది.

తెల్లారి అయ్యగారింటికి పోయా.
చేతులు కట్టుకోలా. అరవనూ లేదు.
గొంతు వణికింది, వణకనిచ్చా.
“ఆ రాత్రి పొయ్యికాడ ఉంది మీ అబ్బాయే.
లెక్క మళ్ళీ చూడండి.
మీవాళ్ళన్న మాట కూడా.”
ఆయన పళ్ళపుల్ల నమిలి నమిలి
“చూద్దాంలే” అన్నాడు.

ఆరువేలు ఇంకా రాలా.
నా కోపమూ పోలా. పోవాలని అడగడం మానేశా.
పేనతన్నా.

ఆదివారం గుడికి పోతా
సలోమి ఎడమ పక్కనుంచి
కుడి పక్కకి మారా.
“ఏంది?” అంది.
“ఏం లేదు” అన్నా.
వినపడింది ఆమెకి.